తొమ్మిదో చుట్టు

పరీక్ష పాసైంది భార్య. తప్పింది మొగుడు.

అంతవరకైతే సర్దుకోవచ్చు. కానీ ఇరవై రెండేళ్ళుగా కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి ప్రాణం పోస్తున్న మనిషి తప్పి, కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములకు మరలు బిగించే మనిషి పాసవడం ఎక్కడి న్యాయమో మాస్టరుకు అంతుపట్టలేదు. వీధిలో అతన్ని అందరూ వైండింగ్ మాస్టరు అంటారు. కొన్నేళ్ళుగా తల్లి కూడా అలాగే పిలుస్తోంది, వెక్కిరింపుగా.

బుధవారం సాయంత్రం రేడియో కిట్ పార్సిల్‌లో వచ్చింది, భాగాలన్నీ విడివిడిగా. పైన ఆమె పేరు, పేరు పక్కన, పరీక్ష పాసైనందుకు వచ్చిన హామ్ రేడియో లైసెన్సుతో పాటు ఇచ్చిన అయిదారు అక్షరాలూ అంకెలూ. ఆ అక్షరాలతోనే ఇక గాలిలో ఆమెను పిలుస్తారు. మాస్టరు గ్రీజు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆమె దుకాణం నుంచి తెచ్చుకున్న గళ్ళ ట్రేలో ఒక్కో భాగాన్నీ పట్టకారుతో ఏరి పెడుతోంది. రంగుల గీతల రెసిస్టర్లు ఒక గడిలో, కందిగింజంత కెపాసిటర్లు ఒక గడిలో. ప్రతిదానికీ కాగితం మీద టిక్కు.

"ఇదేనా? గుప్పెట్లో పట్టేటట్టుంది. ఇందులో రేడియో ఉందా?" అన్నాడు.

"వినడానికీ పంపడానికీ రెండూ ఉన్నాయి. రెండు వాట్లు."

"రెండు వాట్లా! మన గుమ్మం బల్బే తొమ్మిది వాట్లు. నువ్వు పంపేది దోమక్కూడా వినపడదు."

"దోమకు లైసెన్సు లేదులెండి."

మంచం మీద నుంచి తల్లి కిసుక్కున నవ్వింది. "అది పరీక్షకి కూర్చోలేదు గానీ, కూర్చుంటే పాసయ్యేదే. కదరా మాస్టరూ?"

మాస్టరు మొహం మాడ్చుకున్నాడు. వచ్చి స్టూలు లాక్కుని ట్రే ముందు కూర్చున్నాడు. "సరే ఇటివ్వు. ఇలాంటివి నా చేతిలో ఓ పూట పని. టంకం నేను పెడతా, నువ్వు అందివ్వు."

ఆమె ట్రేని తన వైపు జరుపుకుంది. విసురుగా కాదు, టీ గ్లాసు జరిపినట్టు. "వద్దండీ. మీకు తెలుసుగా. రెండో చెయ్యి పడకూడదు."

తెలుసు. గ్రంథాలయం మేడ మీద ఒకే ఒక గదిలో నడిచే రేడియో క్లబ్బుకు ఒకే ఒక గట్టి నియమం. కొత్తవాళ్ళు మొదటి కిట్ తామే కట్టాలి. ఆదివారం పెద్దాయన దాన్ని భూతద్దం కింద చూస్తాడు. ఆ తర్వాత డాబా మీద యాంటెన్నాకు తగిలించి దూరంగా ఎవరో ఒకరితో మాట కలపాలి. అప్పుడే రిజిస్టరులో పేరు ఎక్కుతుంది. ఈసారి ఇంకో సంగతి కూడా ఉంది. ఓడల్లో రేడియో పనిచేసి రిటైరైన ఆ పెద్దాయనకు చూపు మందగించింది. రాబోయే బ్యాచికి కిట్లు కట్టడం నేర్పే బెంచీ ఇంకొకరికి అప్పజెబుతానన్నాడు. కిట్ ఎవరిది పనిచేస్తే వాళ్ళకి. మిగతా ఇద్దరు కొత్తవాళ్ళు బోర్డులు కాల్చుకుని ఎప్పుడో చేతులెత్తేశారు. మిగిలింది ఈమె ఒక్కతే.

ఆ బెంచీ తనదేనని మాస్టరు మొదటి క్లాసులోనే తీర్మానించుకున్నాడు. ఆ బెంచీ ముందు కుర్చీలో కూర్చుని, కుర్రకారుకు టంకం పెట్టే ఐరన్ ఎలా పట్టాలో చూపిస్తున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకున్నాడో లెక్కలేదు. పరీక్షలో అడిగిందేమిటి? ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరు మాట్లాడొచ్చు, లాగ్ బుక్ ఎన్నాళ్ళు దాచాలి. అవన్నీ కాగితపు పులుల చదువు. తీగ పట్టడం చేతనవును అతనికి. చేతనైనవాడిని బయట కూర్చోబెట్టే పరీక్షలు ఎవరు పెట్టారో గానీ, వాళ్ళొక్కసారి కాలిన మోటారు స్టేటరు విప్పి చూస్తే తెలిసొచ్చేది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అతను పుస్తకం తెరవలేదన్నదీ నిజమే. ఆ రెండో నిజాన్ని మాస్టరు ఇంతవరకు ఎవరి ముందూ ఎత్తలేదు.

గురువారం తెల్లవారగానే, ఆమె నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు, అతను ఆమె భూతద్దం తీసుకుని, రాత్రి ఆమె సగం కట్టిన బోర్డు మీదకు వంగాడు. సరిగా అతకని టంకం ఒక్కటైనా దొరుకుతుందని వెతికాడు. సరిగా అతకనిది మాసిన సీసంలా ముద్దగా ఉంటుంది. మంచిది నీటిబొట్టులా మెరుస్తుంది. వరుసగా అన్నీ మెరుస్తున్నాయి. భాగాల కాళ్ళన్నీ గోరు కత్తిరించినంత నున్నగా, బోర్డు ఒరుసుకుని తెగి ఉన్నాయి. మూడు వరుసలు చూశాక అద్దం బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"ఏం పోయిందిరా?" అంది తల్లి.

"ఏం పోలేదు."

"మరి దేనికలా వెతుకుతున్నావు?"

ఆ పూట దుకాణంలో అతను ఒక పంపు మోటారుకు చుట్టాల్సిన తీగను రెండుసార్లు తెంపాడు. ఎప్పుడూ తెగేది కాదు.

సాయంత్రం ఆమె కాయిలు చుట్టింది. తీగ చుట్టడానికి ఉంగరమంత గుండ్రటి ఎర్ర కోరు, మధ్యలో రంధ్రం. ఎనామిల్ పూసిన సన్నటి రాగి తీగను రంధ్రంలోంచి దూర్చి, బయటకు తెచ్చి, మళ్ళీ దూర్చి, ఎనిమిది చుట్లు. మాస్టరు పేపరు చదువుతున్నట్టు పట్టుకుని పేపరంచు మీదుగా చూస్తున్నాడు. ఇప్పటిదాకా ప్రతి పనికీ కాగితం చూసిన మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం చూడలేదు. చూడాల్సిన పనేముంది? ఎండాకాలం మోటార్లు గుట్టలుగా వచ్చినప్పుడు దుకాణంలో అతని పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టింది ఆమే. ఇప్పుడూ సూదిమొనతో ఉంగరం బయటి అంచు మీద ఒక్కో చుట్టూ తాకుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. అచ్చం అతను నేర్పినట్టే.

"చేత్తో ముట్టుకోకుండా ఓసారి లెక్కచూస్తారా?" అని ఉంగరం ఎత్తి పట్టుకుంది.

అతను కళ్ళతో లెక్కపెట్టాడు. బయటి అంచు మీద ఎనిమిది. ఒకదానికొకటి తగలకుండా, సమంగా, ఎవరో కొలిచి పెట్టినట్టు.

"ఎనిమిది," అన్నాడు. పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"హమ్మయ్య. మీరు సరే అన్నాక ఇక భయం లేదు."

శుక్రవారం పొద్దున్న క్లబ్బు కార్యదర్శి టేబుల్ ఫ్యాను చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. పాలసీలు అమ్మే మనిషి. చెయ్యి భుజం మీద వేయకుండా మాట్లాడలేడు.

"ఏం మాస్టారూ, ఆదివారానికి కిట్ సిద్ధమేనా?"

"ఆవిడ చేసుకుంటోంది."

"ఆవిడా?" కార్యదర్శి కన్ను గీటాడు. "ఊరుకోండి, మాకు తెలీదా! మీరుండగా అమ్మగారు ఐరన్ పట్టడమా?"

మాస్టరు కాదనలేదు. కాదనాలని తట్టింది, కానీ ఆ మాట తేనెలా ఉంది. ఫ్యాను జాలీ విప్పుతూ నవ్వి ఊరుకున్నాడు. ఇంట్లో ఆమె మూడు రోజులుగా నడుం వంచి చేస్తున్న పనిని నవ్వుతో నొక్కేశాడు.

"బెంచీ అమ్మగారికే ఇద్దామనుకుంటున్నాం. లైసెన్సు ఆవిడకే ఉంది కదా. మీరు వెనక నుంచి చూసుకుంటే చాలు."

వెనక నుంచి. ఆ మాట తిరగేసిన స్క్రూడ్రైవరులా దిగింది. ఆమె కుర్చీలో కూర్చుంటుంది, తను వెనక నిలబడతాడు. అందరూ ఆమెను మాస్టరమ్మా అంటారు. తను ఆమెకు టీ తెచ్చిస్తాడు కాబోలు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడు. భార్య కళ్ళద్దాల దుకాణంలో ఉంది, రాత్రికి గాని రాదు. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. కిట్ బల్ల మీద గుడ్డ కప్పుకుని ఉంది.

గుడ్డ తీశాడు. ఐరన్ వేడెక్కేదాకా నిలబడే ఉన్నాడు, కూర్చుంటే నిజంగా చేస్తున్నట్టవుతుందన్నట్టు. కాయిలు ఒక కాలి టంకం కరిగించి తీగ కొస లేపాడు. ఒక్క చుట్టు వెనక్కి తీశాడు. ఎక్కువైన తీగ కత్తిరించాడు, బ్లేడుతో ఎనామిల్ గీకాడు, కొస మళ్ళీ బోర్డులోకి దింపి, అలవాటుగా ఎడమకు వంచి టంకం పెట్టాడు. మిగిలిన చుట్లను గోటితో ఒకదాన్నుంచి ఒకటి కాస్త కాస్త జరిపి ఖాళీ పూడ్చాడు. బయటి అంచు మీద ఏడు. అయిదు నిమిషాలు పట్టలేదు. ఇరవై రెండేళ్ళ పనితనమంతా ఆ అయిదు నిమిషాల్లో ఉంది. అంత శుభ్రంగా అతను ఈ మధ్య ఏ మోటారుకూ పని చేయలేదు.

"ఏంట్రా కాలిన వాసన?" అంది తల్లి, గోడవైపు నుంచే.

"పక్కింట్లో ఏదో మాడింది. పడుకో."

కత్తిరించిన తీగముక్క చొక్కా జేబులో వేసుకుని, తినకుండానే దుకాణానికి వెళ్ళిపోయాడు.

శనివారం ఆమెకు పొద్దుటి పూట సెలవు. మేడ మీద బట్టల తీగ పక్కనే యాంటెన్నా తీగ కట్టి, కిటికీలోంచి కిందికి దింపింది. బ్యాటరీ తగిలించింది. హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుంది. మాస్టరు గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో ఆమె వీపు కనపడుతోంది.

నురుగు ఆరిపోతున్నా అతను రేజరు కదపలేదు. ఇప్పుడు ఆమె భుజాలు జారుతాయి. తల తిప్పి, "ఏవండీ, ఏం వినపడట్లేదు" అంటుంది. తను నెమ్మదిగా వెళ్తాడు. చూస్తాడు. "నేను అప్పుడే చెప్పా" అంటాడు. అలా అనడానికి గొంతు కూడా సవరించుకున్నాడు.

ఆమె చిన్న స్క్రూడ్రైవరుతో, శ్రుతి కలిపే ట్రిమ్మరు తిప్పింది. ఇంకాస్త. వీపు నిటారైంది. ఇంకొంచెం తిప్పి, వెనక్కి తెచ్చి, ఆగింది. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా!" అని కేకేసింది. మొగుణ్ణి కాదు.

హెడ్‌ఫోను తీసి ముసలామె చెవులకు పెట్టింది. ముసలామె కళ్ళు పెద్దవయ్యాయి. "ఎవరో ఈల వేస్తున్నారే! ఆగి ఆగి వేస్తున్నాడు. సిగ్గులేదూ!"

"మోర్స్ కోడ్, అత్తయ్యా. కూతలతోనే మాటలు. చాలా దూరం నుంచి."

"ఎంత దూరమైతే మాత్రం? పెళ్ళైన ఆడవాళ్ళుండే ఇంట్లోకి ఈలలేంటి?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆమె హెడ్‌ఫోను పట్టుకుని మొగుడి దగ్గరకొచ్చింది, సగం గీసిన గడ్డం మీది నురుగు చేతికి అంటినా చూసుకోలేదు. అతని చెవులకు తగిలించింది. గరగర మధ్యలో సన్నటి కూత, తెగుతూ అతుకుతూ, గాజు మీద గీసినంత స్పష్టంగా.

"ఎలా ఉంది?"

"వస్తోంది," అన్నాడు.

ఇంకా విప్పని నిన్నటి చొక్కా జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తీగముక్క ఉంది. చుట్టు తీశాడు, నిజంగానే తీశాడు. పాడు చేసినా పనిచేస్తోంది. ఆమె చేతిలో తప్పు కూడా ఒప్పవుతోంది. మళ్ళీ రేజరు అందుకున్నాడు. గడ్డం రెండుచోట్ల తెగింది.

ఆదివారం క్లబ్బు గదిలో పన్నెండు మంది ఉన్నారు. కిటికీ దగ్గర బెంచీ, బెంచీ ముందు కుర్చీ. కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దాయన పక్కనే నిలబడి, భూతద్దాన్ని కంటికి దాదాపు ఆనించుకుని బోర్డును అంగుళం అంగుళం చూస్తున్నాడు.

"టంకం బాగుందమ్మా. చాలా బాగుంది." కాయిలు దగ్గర ఆగాడు. సూదితో రంధ్రంలోపల తాకుతూ లెక్కపెట్టాడు. "ఎనిమిది. శభాష్. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. తీగ రంధ్రంలోంచి ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లు. కొత్తవాళ్ళు బయటి అంచు మీద లెక్కపెట్టి ఒకటి ఎక్కువ చుడతారు. తొమ్మిది పడిందా, ట్రిమ్మరు ఎంత తిప్పినా అందదు. చెవిటి రేడియో అవుతుంది. నీకెవరు చెప్పారమ్మా?"

మాస్టరు మనసులో లెక్క వేసుకున్నాడు: బయట ఏడు, లోపల ఎనిమిది.

ఆమె ఊ అని ఊరుకుంటే అయిపోయేది. పన్నెండు మందిలో ఎవడూ రెండోసారి అడిగేవాడు కాదు.

"ఎవరూ చెప్పలేదండీ," అంది. "నేను బయటే లెక్కపెట్టాను. బయటే ఎనిమిది."

"అయితే లోపల తొమ్మిదుండాలి. లేవే!"

ఆమె భూతద్దం తీసుకుని వంగింది. చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే, "ఈ టంకం నాది కాదు," అంది. "నేను కాలు నున్నగా తెంపుతాను. ఇక్కడ కొస ఎడమకు వంచి ఉంది." అప్పుడు తలెత్తి మొగుడి వైపు చూసింది. తీగ కొసను ఎడమకు వంచి పెట్టే చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు.

గదిలో గొల్లుమన్నారు. "అదీ సంగతి! మాస్టరు చెయ్యి పడిందన్నమాట!" "నే చెప్పలా, వెనక మాస్టరున్నాడని!" కార్యదర్శి వచ్చి అతని వీపు చరిచాడు. "మొగుడూ పెళ్ళాల మధ్య నియమమేంటండీ, ఇద్దరి పేర్లూ రాసేద్దాం. ముందు మాస్టారిది, పక్కన అమ్మగారిది."

మాస్టరు ఆమె కళ్ళలో కోపం ఉంటుందనుకున్నాడు. లేదు. దెబ్బ తిన్నట్టు ఉంది గానీ, దాని కింద ఇంకేదో మెత్తగా ఉంది. తన తప్పు పట్టుకుని, తను చిన్నబుచ్చుకుంటుందని, చెప్పకుండా సరిచేసి పెట్టాడనుకుంటోంది. అది చూడలేక అతను కిటికీ వైపు తిరిగాడు.

"రెండు పేర్లొద్దండీ," అందామె కార్యదర్శితో. "నియమం నియమమే. నేను చుట్టింది తప్పు. ఒప్పు చేసింది ఆయన. నా పేరు కొట్టెయ్యండి. బెంచీ మీద ఆయన్నే కూర్చోబెట్టండి, లైసెన్సు వచ్చే పరీక్షకు తెచ్చుకుంటారు. తప్పు పట్టగలిగినవాళ్ళేగా నేర్పాల్సింది."

చప్పట్లు కొట్టారు కొందరు. ఆమె త్యాగానికి కాదు, మాస్టరు పనితనానికి. మూడు రోజులు బోర్డు మీద వంగిన నడుం ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దాయన కుర్చీ వెనక్కి లాగాడు. "రండి మాస్టారూ."

అతను వెళ్ళి కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు. కుర్చీ అనుకున్నంత ఎత్తులోనే ఉంది. బల్ల మీద ఐరన్ స్టాండు, తడి స్పాంజి, అన్నీ అనుకున్నచోటే ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. ఇంకేమీ చెయ్యనక్కర్లేదు.

"మాస్టారూ," అన్నాడు బోర్డు కాల్చుకున్న వాళ్ళలో ఒకడు, బస్సు కండక్టరు. "ఒకటి ఎక్కువుందని ఎలా పట్టారు? మాక్కూడా చెప్పండి."

అందరూ ముందుకు జరిగారు. ఆమె కూడా జరిగింది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత పళ్ళతో పీకి సిద్ధంగా నిలబడింది. రాసుకోవడానికి. అతను ఏం చెబితే అది పేజీలో ఎక్కుతుంది. రేపు ఎవరికైనా అదే చెబుతుంది.

అబద్ధాలు అతనికి కొత్త కాదు. గిరాకీలతో రోజుకు నాలుగు ఆడతాడు. బేరింగు పోయిందంటాడు, రాగి రేటు పెరిగిందంటాడు. కానీ పని ఎలా చేయాలో రాసుకుంటున్న మనిషికి తప్పు చెప్పడం మాత్రం అతని వల్ల కాలేదు.

"పట్టలేదు," అన్నాడు.

"అంటే?"

"ఎనిమిదే అనుకున్నా. నాకూ బయట లెక్కే తెలుసు. ఆవిడకు ఆ లెక్క నేర్పింది నేనే." బల్ల అంచు పట్టుకున్నాడు. "ఒకటి తీస్తే పాడవుతుందని తీశా."

కార్యదర్శి నవ్వబోయి, చుట్టూ చూసి, మానుకున్నాడు.

ఆమె పెన్ను మూత పెట్టింది. పుస్తకం సంచిలో వేసింది. మొహంలో ఇందాకటి మెత్తదనం ఎప్పుడు పోయిందో అతను చూడలేదు. చూసేసరికి లేదు.

"లేవండి," అంది. "కుర్చీ కావాలి."

లేచాడు. ఆమె కూర్చుంది. కటింగ్ ప్లయరుతో కాయిలును రెండు కాళ్ళ దగ్గరా తెంపి పారేసింది. పెద్దాయన కొత్త కోరు, మూరెడు తీగ ఇచ్చాడు. పన్నెండు మంది చూస్తుండగా తీగను రంధ్రంలోకి దూర్చి, "ఒకటి," అంది పైకి. బయటకు తెచ్చి మళ్ళీ దూర్చి, "రెండు." ఎనిమిది దగ్గర ఆగి, ఎనామిల్ గీకి, టంకం పెట్టి, కాలు నున్నగా తెంపింది. మాస్టరు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. టంకం చూశాడు. నీటిబొట్టులా మెరుస్తోంది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది, ఇంకా మండుతోంది. కాకపోతే ఇప్పుడు దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

డాబా మీద ఎండ కాస్తుండగా ఆమె మోర్స్ కీ మీద చెయ్యి పెట్టి తన అక్షరాలు పంపింది. ఆరుసార్లు ఎవరూ పలకలేదు. ఏడోసారి ఎవరో పలికారు. పెద్దాయన హెడ్‌ఫోనులో ఒక చెవి పెట్టి విని, సముద్రం అవతలి ఊరి పేరు చెప్పాడు. కండక్టరు ఈల వేశాడు. ఆమె కాగితం మీద టైము రాసి, అప్పుడు గాని ఊపిరి వదల్లేదు.

కిందకు వచ్చాక కార్యదర్శి రిజిస్టరు తెరిచాడు. ఆమె తన పేరు, లైసెన్సు అక్షరాలు, తేదీ రాసి సంతకం పెట్టింది. ఆ వరుస చివర ఇంకో గడి ఉంది. సాక్షి గడి. కిట్ కట్టినవాళ్ళది తప్ప వేరే చెయ్యి పడలేదని చూసినవాళ్ళు సంతకం పెట్టాలి. కార్యదర్శి జేబులోంచి పెన్ను తీశాడు.

ఆమె రిజిస్టరును కార్యదర్శి ముందు నుంచి లాగి, మొగుడి వైపు తిప్పింది.

"మీరు పెట్టండి," అంది. "ఈసారి చూశారుగా."

మాస్టరు వంగాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని పెన్ను అందుకున్నాడు. ఆమె పేరు పక్కన, ఆమె పేరు కంటే చిన్న అక్షరాలతో, సంతకం పెట్టాడు.